ఛాతీలో గాలా, నీరా? చెవితోనే పట్టేసిన డాక్టర్.. చివరికి ఆయన జబ్బునూ బయటపెట్టింది ఆ గొట్టమే!

ఐసీయూ బెడ్ మీద పేషెంట్‌కి ఊపిరి అందడం లేదు. ముఖానికి ఆక్సిజన్ మాస్క్ ఉంది, పక్కన మానిటర్ మోగుతూనే ఉంది. ఆ సమయంలో డాక్టర్ ముందుగా తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. ఊపిరితిత్తుల్లో ఉన్నది గాలా, నీరా? గుండె బలహీనపడి చేరిన నీరైతే సెలైన్ తగ్గించి, ఒంట్లో నీరు మూత్రంలో పోయేలా మందు ఇవ్వాలి. ఊపిరితిత్తి చుట్టూ నీరు నిండితే సూది పెట్టి తీయాల్సి రావచ్చు. అసలు నీరే లేకపోతే వెతకాల్సిన కారణం వేరే. ఇక్కడ అంచనా తప్పితే ప్రాణం మీదకు వస్తుంది.

ఇవాళ ఈ జవాబు కోసం అల్ట్రాసౌండ్ మెషీన్‌ని బెడ్ దగ్గరికే తెచ్చి ఛాతీ మీద ప్రోబ్ పెట్టి చూస్తున్నారు. కానీ ఇదే ప్రశ్న రెండు వందల ఏళ్ల కింద కూడా డాక్టర్లను వేధించింది. కరెంటు లేదు, ఎక్స్‌రే లేదు, స్కానింగ్ లేదు. మనిషి బతికుండగా ఛాతీ లోపల ఏముందో చెప్పే దారి దాదాపు లేదు. ఆ దారి వేసిన డాక్టర్ పేరు రెనే లెన్నెక్.

స్టెతస్కోప్ కనిపెట్టిన వ్యక్తిగా ఈ పేరు చాలామందికి స్కూల్ రోజుల నుంచే తెలుసు. అయితే ఆయన చేసిన అసలు పని ఆ గొట్టం కంటే పెద్దది. 2026 ఆగస్టు 13 నాటికి ఆయన చనిపోయి 200 ఏళ్లు. ఆ జీవితం ఎలా సాగిందో చూద్దాం..

గిలెటిన్ నీడలో బాల్యం

లెన్నెక్ పుట్టింది 1781 ఫిబ్రవరి 17న. ఊరు కెంపేర్. ఫ్రాన్స్‌కి పడమటి కొసన, సముద్రానికి దగ్గరగా ఉండే బ్రిటనీ ప్రాంతం అది. తండ్రి లాయర్. చేతిలో డబ్బు నిలవని మనిషి, పిల్లల బాధ్యత కూడా పెద్దగా పట్టించుకునేవాడు కాదు. లెన్నెక్‌కి అయిదేళ్లప్పుడు తల్లి చనిపోయింది. ఆమెను తీసుకెళ్లింది క్షయ అంటే టీబీ అని చెబుతారు. ఆ జబ్బు ఈ కుటుంబాన్ని తర్వాత కూడా వదల్లేదు.

తల్లి పోయాక పిల్లలు బంధువుల ఇళ్లకు చేరారు. 1788లో లెన్నెక్ నాంత్ నగరంలో ఉన్న బాబాయ్ గియోమ్ దగ్గరికి వెళ్లాడు. ఆయన పేరున్న డాక్టర్. పిల్లాడికి చదువు, క్రమశిక్షణ, వైద్యం మీద ఇష్టం.. అన్నీ అక్కడే అబ్బాయి.

మరుసటి ఏడాదే ఫ్రెంచి విప్లవం మొదలైంది. నాంత్‌లో గిలెటిన్ పెట్టిన చౌరస్తా ఆ బాబాయ్ ఇంటి ఎదురుగానే ఉండేది. జనం తలలు తెగిపడిన రోజులవి. పద్నాలుగేళ్ల వయసు వచ్చేసరికి లెన్నెక్ నాంత్ ఆసుపత్రిలో గాయపడిన సైనికులకు కట్లు కడుతున్నాడు. తండ్రికి మాత్రం కొడుకు డాక్టర్ కావడం ఇష్టం లేదు. చదువుకి డబ్బు ఇవ్వడానికి కూడా ఏళ్ల తరబడి వెనకాడాడు.

ఈ కష్టాల మధ్యే కుర్రాడు వేణువు నేర్చుకున్నాడు. చెవికి స్వరాల మధ్య చిన్న తేడాలు పట్టే అలవాటు అయింది. తర్వాత అది ఎంత పనికొచ్చిందో ముందుముందు తెలుస్తుంది.

పుచ్చకాయ తట్టినట్టు.. ఛాతీ తట్టి చూసేవారు

1801లో లెన్నెక్ పారిస్ చేరాడు. అక్కడ చారిటే ఆసుపత్రిలో కోర్విసార్ దగ్గర శిష్యుడిగా చేరాడు. కోర్విసార్ అంటే మామూలు మనిషి కాదు, నెపోలియన్‌కి సొంత డాక్టర్. 1803లో మెడిసిన్, సర్జరీ రెండింటిలోనూ లెన్నెక్‌కే ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. మరుసటి ఏడాది డాక్టర్ పట్టా అందుకున్నాడు.

కోర్విసార్ దగ్గర ఆయన నేర్చుకున్న ముఖ్యమైన విద్య ఛాతీని వేళ్లతో తట్టి చూడడం. ఇది కోర్విసార్ కనిపెట్టింది కాదు. ఆస్ట్రియాకు చెందిన ఔయెన్‌బ్రుగ్గర్ అనే డాక్టర్ 1761లోనే దీని మీద చిన్న పుస్తకం రాశాడు. ఆయన తండ్రి సత్రం నడిపేవాడు. మద్యం పీపాను బయటి నుంచి తడితే ఎంతవరకు నిండి ఉందో శబ్దమే చెబుతుంది. మనవాళ్లు పుచ్చకాయ తట్టి చూసినట్టే అనుకోండి. ఛాతీ కూడా అంతే. గాలి ఉంటే డప్పులా మోగుతుంది, నీరు చేరితే మొద్దుగా పలుకుతుంది. ఔయెన్‌బ్రుగ్గర్ శవాల ఛాతీలోకి నీరు ఎక్కించి మరీ ఈ తేడా సరిచూసుకున్నాడు.

అప్పట్లో ఆ పుస్తకాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత, 1808లో, కోర్విసార్ దాన్ని ఫ్రెంచిలోకి తెచ్చాడు. అప్పుడే లోకం కళ్లు తెరిచింది. ఆ మరుసటి ఏడాదే ఔయెన్‌బ్రుగ్గర్ కన్నుమూశాడు.

తట్టడం మంచి పద్ధతే. కానీ లావుగా ఉన్నవాళ్ల దగ్గర పెద్దగా పనిచేయదు. ఇక రెండో దారి, పేషెంట్ ఛాతీకి నేరుగా చెవి ఆనించడం. గ్రీకు వైద్యుల కాలం నుంచీ తెలిసిన పద్ధతే అయినా పారిస్ డాక్టర్లకు అది ఇబ్బందిగా ఉండేది. ఆడవాళ్ల విషయంలో మర్యాద అడ్డం. కిక్కిరిసిన ఆసుపత్రుల్లో శుభ్రత సంగతి సరేసరి.

కాగితాల చుట్టతో మారిన కథ

పట్టా చేతికొచ్చినా, పేరు వచ్చినా లెన్నెక్‌కి పెద్ద ఆసుపత్రిలో పోస్టు దొరకడానికి పన్నెండేళ్లు పట్టింది. ఈలోగా ప్రైవేట్ ప్రాక్టీస్, పత్రికా సంపాదకత్వం, శవపరీక్షలు.. వీటితోనే గడిపాడు. 1810లో తమ్ముడు మిషో టీబీతో చనిపోయాడు. 1816లో ప్రాణమిత్రుడు, టీబీ మీదే పరిశోధన చేసిన డాక్టర్ బేల్ కూడా అదే జబ్బుతో పోయాడు. అదే ఏడాది లెన్నెక్‌కి పారిస్‌లోని నెకర్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది.

అక్కడికి గుండె జబ్బు లక్షణాలతో ఒక యువతి వచ్చింది. మనిషి కాస్త లావు. తట్టి చూస్తే ఏమీ తేలలేదు. చిన్న వయసు ఆడమనిషి కాబట్టి ఛాతీకి చెవి ఆనించడం కుదరదు. అప్పుడు లెన్నెక్‌కి ఒక సంగతి గుర్తొచ్చింది. పొడవాటి దూలం ఒక కొసన గుండుసూదితో గీస్తే, రెండో కొసన చెవి పెట్టినవాళ్లకు ఆ శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది. వెంటనే కాగితాలు తీసుకుని గట్టిగా చుట్ట చుట్టాడు. ఒక కొసను ఆమె ఛాతీ మీద పెట్టి, రెండో కొసకు చెవి ఆనించాడు. నేరుగా చెవి పెట్టినప్పటి కంటే గుండె చప్పుడు స్పష్టంగా వినిపించింది!

ఇంకొకరైతే ఆ పేషెంట్‌ని చూసి, సంతోషించి ఊరుకునేవారేమో. లెన్నెక్ ఆగలేదు. గుండె వినిపిస్తే ఊపిరి ఎందుకు వినిపించదు? మాట ఎందుకు వినిపించదు? ఛాతీలో చేరిన నీరు ఎందుకు వినిపించదు? ఇవీ ఆయన ప్రశ్నలు.

కాగితం చుట్ట పోయి చెక్క గొట్టం వచ్చింది. సుమారు ఒక అడుగు పొడవు, మధ్యలో రంధ్రం. లేత్ మీద తనే స్వయంగా తయారు చేసుకునేవాడు. గ్రీకు భాషలో ఛాతీ, చూడడం అనే మాటలు కలిపి దానికి స్టెతస్కోప్ అని పేరు పెట్టాడు. వినే పరికరానికి చూసే పేరు! ఆయన మనసులో ఉన్నది అదే మరి. చెవితో ఛాతీ లోపలికి తొంగి చూడడం.

పెనం మీద ఉప్పు చిటపట.. మేక అరుపు

గొట్టం తయారైంది సరే. దాంట్లో వినిపించే శబ్దాలకు పేర్లే లేవు. అంతవరకు వాటిని అంత వివరంగా విన్నవాళ్లు లేరు కాబట్టి అన్నీ ఆయనే వెతుక్కోవాల్సి వచ్చింది. వేణువు వాయించిన చెవి ఇక్కడ అక్కరకొచ్చింది.

ఊపిరితిత్తిలోని చిన్న గాలి గదుల్లో నీరు, నెమ్ము చేరితే ఊపిరి పీల్చినప్పుడు సన్నని చిటపటలు వినిపిస్తాయి. దాన్ని ఆయన వేడి పాత్రలో ఉప్పు వేస్తే వచ్చే చిటపటతో పోల్చాడు. నిమోనియా మొదలైనప్పుడు, ఊపిరితిత్తిలోకి నీరు ఊరినప్పుడు ఇది వినిపిస్తుందని రాశాడు. ఇప్పటికీ మెడికల్ స్టూడెంట్లు నేర్చుకునేది ఈ శబ్దాన్నే.

ఊపిరితిత్తి బయట, దాని పొరల మధ్య నీరు చేరితే సంగతి వేరు. అక్కడ ఊపిరి శబ్దం తగ్గిపోతుంది. పేషెంట్‌ని మాట్లాడమంటే నీటి పైఅంచు దగ్గర గొంతు మేక అరిచినట్టు వణుకుతూ వినిపిస్తుంది. దానికీ ఒక పేరు పెట్టాడు. అంటే నీరు ఉందా లేదా అనే కాదు, ఊపిరితిత్తి లోపలా బయటా అనే తేడా కూడా చెవితోనే చెప్పగలిగాడన్నమాట.

ఇక్కడ ఒక చిన్న విషయం ఆయన మనసెలాంటిదో చెబుతుంది. ఛాతీలో అదనంగా వచ్చే ఈ శబ్దాలకు ఫ్రెంచిలో రాల్ అనే మాట వాడాడు. కానీ జనం నోట ఆ మాటకు చావు గురక అనే అర్థం ఉంది. పేషెంట్ ముందు ఆ మాట అంటే బెదిరిపోతారు. అందుకే మంచం దగ్గర శిష్యులతో మాట్లాడేటప్పుడు దాని బదులు పేషెంట్‌కి అర్థం కాని మరో మాట వాడేవాడు.

అసలు గొప్పతనం ఇక్కడే ఉంది!

శబ్దం విన్నాడు, పేరు పెట్టాడు. అది నిజంగా నీరే అని ఎలా తెలుస్తుంది? ఇదే లెన్నెక్ చేసిన అసలు పని. పేషెంట్ బతికుండగా ఏ చోట ఏ శబ్దం వినిపించిందో రాసి పెట్టుకునేవాడు. లోపల ఏముందో తన అంచనా కూడా ముందే నమోదు చేసేవాడు. ఆ పేషెంట్ చనిపోతే శవపరీక్షలో అదే చోటు తెరిచి చూసేవాడు. అంచనా నిజమైందా, తప్పిందా? తప్పితే ఎక్కడ తప్పింది? ఇలా కేసు తర్వాత కేసు.. సుమారు మూడేళ్లు!

నెకర్ లాంటి ఆసుపత్రులకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది పేదవాళ్లు. వాళ్లలో చాలామందిని ఆయన కాపాడలేకపోయాడు. కానీ వాళ్లు మిగిల్చిన సాక్ష్యం వృథా పోలేదు. 1819లో రెండు సంపుటాల పుస్తకం వచ్చింది. నిమోనియా, టీబీ, ఊపిరితిత్తుల్లో నీరు, పొరల మధ్య నీరు, ఛాతీలో గాలి చేరడం.. ఒక్కోదాన్నీ బతికున్న మనిషిలో ఎలా గుర్తుపట్టాలో అందులో ఉంది. పుస్తకం కొన్నవాళ్లకు కొంత అదనపు ధరకు స్టెతస్కోప్ కూడా దొరికేది. 1821లో జాన్ ఫోర్బ్స్ అనే డాక్టర్ దాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు.

తాగుడు ఎక్కువైనవాళ్లలో పాడైపోయే లివర్‌కి సిరోసిస్ అనే పేరు పెట్టింది కూడా లెన్నెకే. ఆ పేరు ఇప్పుడు మన ఊళ్లలో కూడా వినిపిస్తూనే ఉంటుంది.

వెక్కిరింపులు.. అలసట.. సొంతూరు

అందరూ చప్పట్లు కొట్టలేదు. చెక్క గొట్టం పెట్టుకుని తిరిగే డాక్టర్ అంటూ ఎగతాళి చేసినవాళ్లు ఉన్నారు. ఆనాటి పారిస్‌లో పేరు మోగిపోతున్న డాక్టర్ బ్రూసే ఆయనతో బాహాటంగానే తలపడ్డాడు. మరోవైపు బయటి దేశాల నుంచి కుర్ర డాక్టర్లు నెకర్ వార్డుకు వచ్చి, ఆ గొట్టంతో వినడం నేర్చుకుని వెళ్లేవారు. చివరికి గెలిచింది వాళ్ల చెవులే.

పుస్తకం పూర్తయ్యేసరికి లెన్నెక్ ఒళ్లు గుల్లయింది. సన్నగా, బలహీనంగా ఉండే మనిషి, పైగా ఆయాసం. 1819లో పారిస్ వదిలి బ్రిటనీ వెళ్లిపోయాడు. సముద్రం ఒడ్డున దువార్నెనే దగ్గర కెర్లువార్నెక్ అనే పాత ఇల్లు ఆయనది. పొలం పనులు, చెట్ల పెంపకంతో రెండేళ్లు గడిచాయి. ఆరోగ్యం కుదుటపడింది. 1821లో మళ్లీ పారిస్ చేరాడు. రాజకుటుంబ డాక్టర్‌గా, ప్రొఫెసర్‌గా పదవులు వచ్చాయి. ఒకప్పుడు తను పాఠాలు నేర్చుకున్న చారిటే ఆసుపత్రిలోనే ఇప్పుడు పాఠాలు చెప్పాడు. 1824లో, తన ఇంటి వ్యవహారాలు చూసుకుంటున్న జాకెట్ అర్గూ అనే వితంతువును పెళ్లి చేసుకున్నాడు.

తను రాసిన శబ్దాలే.. తన ఛాతీలో!

1826లో పుస్తకం రెండో ఎడిషన్ సిద్ధం చేస్తుండగా ఆరోగ్యం మళ్లీ దెబ్బతింది. జ్వరం, దగ్గు, ఆయాసం. బంధువైన కుర్ర డాక్టర్ మెరియాడెక్‌ని పిలిచి తన ఛాతీ వినమన్నాడు. ఏం వినిపిస్తుందో చెప్పమన్నాడు. మెరియాడెక్ చెప్పిన శబ్దాలు లెన్నెక్‌కి కొత్తవి కావు. తను వందల సార్లు విన్నవే, తన పుస్తకంలో రాసినవే. టీబీ గుల్ల చేసిన ఊపిరితిత్తి శబ్దాలవి. అర్థం చెప్పాల్సిన పని లేకుండానే ఆయనకు అర్థమైంది.

ఇరవై ఏళ్లకు పైగా టీబీతో పోయిన శరీరాలను చేతులతో తెరిచి చూసిన మనిషి ఆయన. ఒకసారి టీబీ సోకిన వెన్నుపూసను కోస్తూ రంపం తగిలి వేలు తెగింది, అక్కడ చిన్న కాయ లేచింది. ఆ సంగతీ రాసి పెట్టాడు. అయితే టీబీ సూక్ష్మజీవి వల్ల వస్తుందని కోక్ నిరూపించింది 1882లో. మందులు వచ్చింది ఆ తర్వాత ఇంకో అరవై ఏళ్లకు. లెన్నెక్ చేతిలో ఉన్నది జబ్బుని పట్టే గొట్టం మాత్రమే, నయం చేసే మందు కాదు.

మే నెలాఖరులో పారిస్ వదిలి కెర్లువార్నెక్ ఇంటికి చేరాడు. 1826 ఆగస్టు 13న అక్కడే కన్నుమూశాడు. వయసు 45 ఏళ్లు. వీలునామాలో మెరియాడెక్‌కి తన వైద్య కాగితాలు, గడియారం రాశాడు. వాటితోపాటు తన స్టెతస్కోప్ కూడా. తను ఇచ్చేవాటిలో అన్నిటికంటే విలువైనది అదేనన్నది ఆయన ఉద్దేశం.

చెవి నుంచి కంటికి

ఆ గొట్టం తర్వాత మారుతూ వచ్చింది. 1850ల మొదట్లోనే రెండు చెవులకూ పెట్టుకునే స్టెతస్కోప్ తయారైంది. 1880లో పారిస్‌లోనే పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ ఒక విచిత్రం గమనించారు. కొన్ని స్ఫటికాలను నొక్కితే కరెంటు పుడుతోంది. కరెంటు ఇస్తే అవి కదులుతాయని ఆ తర్వాత తేలింది. ఆ సూత్రం మీదే అల్ట్రాసౌండ్ ప్రోబ్ పనిచేస్తుంది. మన చెవికి అందని శబ్దాన్ని లోపలికి పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని బొమ్మగా చూపిస్తుంది.

ఊపిరితిత్తులకు మాత్రం ఇది పనికిరాదని చాలాకాలం అనుకున్నారు. కారణం గాలి. గాలి తగలగానే అల్ట్రాసౌండ్ వెనక్కి తిరిగిపోతుంది. ఆ అభిప్రాయాన్ని మార్చినవాళ్లలో ముందువరుసలో ఉన్నది మళ్లీ పారిస్ ప్రాంతపు డాక్టరే. ఐసీయూ స్పెషలిస్ట్ డేనియల్ లిచ్టెన్‌స్టెయిన్. గాలి నిండిన ఊపిరితిత్తి మీద తెరపై అడ్డగీతలు కనిపిస్తాయి. లోపల నీరు ఊరితే తోకచుక్క తోకల్లాంటి నిలువు గీతలు దిగుతాయి. వీటినే బీ లైన్స్ అంటారు. రెండు పక్కటెముకల మధ్య మూడు, అంతకంటే ఎక్కువ ఉంటే తేడా ఉన్నట్టే. పొరల మధ్య చేరిన నీరైతే సాధారణంగా నల్లగా కనిపిస్తుంది.

మరి ఏది ఎంత కచ్చితం? 2004లో లిచ్టెన్‌స్టెయిన్ బృందం తీవ్ర శ్వాస సమస్యతో ఉన్న 32 మంది ఐసీయూ పేషెంట్ల మీద చేసిన స్టడీని ప్రచురించింది. సీటీ స్కాన్‌ని ప్రమాణంగా పెట్టుకుని మిగతావాటిని పోల్చారు. పొరల మధ్య నీటిని గుర్తించడంలో స్టెతస్కోప్ కచ్చితత్వం 61 శాతం. బెడ్ దగ్గర తీసిన ఎక్స్‌రే 47 శాతం. అల్ట్రాసౌండ్ 93 శాతం!

గమనించారా? ముందు అంచనా, తర్వాత సరిచూసుకోవడం. పద్ధతి లెన్నెక్‌దే. ఆయన కాలంలో నిజం తేలాలంటే పేషెంట్ చనిపోవాలి. ఇప్పుడు సీటీ స్కాన్‌తో బతికుండగానే తేలుతోంది. ఆ నీటిని తగ్గించడానికి మందూ ఉంది, తీయడానికి సూదీ ఉంది.

అలాగని స్టెతస్కోప్ పని అయిపోలేదు. ఆస్తమా పేషెంట్ ఛాతీలో వచ్చే పిల్లికూతలు ప్రోబ్‌కి దొరకవు, చెవికే దొరకాలి. బీ లైన్స్ కూడా నీరు చేరిందని సూచిస్తాయే కానీ ఎందుకు చేరిందో వాటంతట అవే చెప్పవు. గుండె జబ్బా, నిమోనియానా, ఇంకేదైనానా అన్నది డాక్టరే తేల్చుకోవాలి. కొన్నిసార్లు ఊపిరితిత్తి గట్టిపడినా ఆ గీతలే కనిపిస్తాయి.

కెంపేర్‌లో చర్చి పక్కన లెన్నెక్ విగ్రహం 1868 నుంచీ ఉంది. నెకర్ ఆసుపత్రి ఇప్పుడు పిల్లల వైద్యానికి పేరున్న పెద్ద ఆసుపత్రి. ఆయన ఊపిరితిత్తిని కాపాడే మందు ఆ రోజుల్లో లేదు. కానీ ఊపిరాడని మనిషి ఛాతీలో ఏముందో ఊహించడం కాదు, విని, చూసి, సరిచూసుకుని చెప్పాలనే అలవాటు వైద్యానికి బలంగా పట్టింది ఆయన నుంచే.